పాట పక్కన ఆరు బిట్లు

సీడీలో ఒక పాట ముగిసి రెండోది అందుకునే ముందు ఒకటి రెండు సెకన్లు ఏమీ వినబడదు. ఆ కాసేపూ కొన్ని ప్లేయర్ల ముఖాన అంకెలు వెనక్కి నడుస్తాయి. రెండు, ఒకటి, సున్నా. సున్నా దగ్గర పాట మొదలవుతుంది, అంకెలు మళ్లీ ముందుకు తిరుగుతాయి. ప్లేయర్ లోపల ఎక్కడో గడియారం ఉందనుకుంటాం. నిజానికి ఆ అంకెలు ప్లేయర్ లెక్కపెట్టినవి కావు. సీడీ మీద రాసి ఉన్నవాటిని చదివి చూపిస్తోంది, అంతే. పాట ఆగినా ఆ రాత ఆగదు. ‘ఇది ఫలానా నంబరు పాట, మొదలై ఇంతసేపయింది, డిస్కు మొదటినుంచి లెక్కేస్తే ఇంతసేపయింది’ అని సెకనుకు 75 సార్లు, లోపలి చుట్టు నుంచి బయటి చుట్టు దాకా రాసే ఉంటుంది.

ఆడియో సీడీ అంటే పాటలు తప్ప మరేమీ లేని పళ్లెం అని మన లెక్క. ఫైళ్లు, ఫొటోలు, పేర్లు ఉండేది కంప్యూటర్ సీడీల్లో కదా అంటాం. అదీ కొంతవరకే నిజం. ధ్వనికి ఆనుకుని వేరే సమాచారానికీ ఇందులో కొంత చోటుంది. ఆ చోటులో పాటల పేర్లు రాశారు, గాయకుల పేర్లు రాశారు, రంగుల బొమ్మలు గీశారు. కరోకె వ్యాపారం ఏళ్ల తరబడి దాని మీదే నడిచింది. తెలుగుకు కూడా అక్కడ ఒక సీటు రిజర్వు చేశారు గాని, కూర్చోనివ్వలేదు. ఆ సంగతి తర్వాత. ముందు ఆ చోటు ఎలా ఏర్పడిందో చూద్దాం.

మిగిలిన ఒక్క బైటు

ఆడియో సీడీ నిబంధనలను 1980లో ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి రాసుకున్నాయి. అట్ట రంగును బట్టి ఆ పుస్తకానికి రెడ్ బుక్ అని పేరు. 1982 అక్టోబరు 1న జపాన్‌లో సోనీ తన మొదటి ప్లేయర్ సీడీపీ-101ను అమ్మకానికి పెట్టింది. ఆ ప్లేయర్ చదివిన పద్ధతిలోనే ఇవాళ్టికీ సీడీలు రాస్తున్నారు.

ధ్వనిని అంకెలుగా మార్చడానికి సెకనుకు 44,100 సార్లు దాని ఎత్తు కొలుస్తారు. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి, ఒక్కో కొలత 16 బిట్లు. అంటే ఒకసారి కొలిస్తే నాలుగు బైట్లు. ఇలాంటి ఆరు కొలతలను ఒక దగ్గర చేరిస్తే 24 బైట్లు. దీన్ని ఒక ఫ్రేము అంటారు. సెకనుకు 7,350 ఫ్రేములు వస్తాయి.

ఈ 24 బైట్లను ఉన్నవున్నట్టు డిస్కు మీద రాస్తే ఒక్క గీత పడినా పాట పాడవుతుంది. అందుకని తప్పులు పట్టి దిద్దడానికి లెక్కకట్టిన మరో 8 బైట్లు కలుపుతారు. 32 అయింది. దానికి ఇంకొక్క బైటు చేర్చి 33 చేశారు. ఈ 33వ బైటుకు పాటతో సంబంధం లేదు. దాని పేరు సబ్‌కోడ్. గూడ్సు బండిలో సరుకు పెట్టెలన్నిటితో పాటు గార్డు కోసం ఒక పెట్టె ఉన్నట్టు, ప్రతి ఫ్రేములోనూ ఈ బైటు ఒకటి ప్రయాణం చేస్తుంది. అధ్యాయం అంతా ఈ ఒక్క పెట్టె గురించే.

డిస్కు మీద ఇది ఏ రూపంలో ఉంటుందో కూడా ఓసారి చూసి ముందుకు పోదాం. సీడీ మీద ఉండేవి గుంటలు, గుంటల మధ్య చదును నేల. గుంట అంటే 1, చదును అంటే 0 అని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది, అది పొరపాటు. గుంట అంచు 1. గుంటలోకి దిగినా, గుంటలోంచి ఎక్కినా లేజర్‌కు అది 1. అంచు లేని చోటల్లా 0. రెండు అంచులు మరీ దగ్గరైతే లేజర్ విడదీసి చదవలేదు, మరీ దూరమైతే ప్లేయర్ లెక్క తప్పుతుంది. కాబట్టి ప్రతి 8 బిట్ల బైటునూ అంచులు తగు దూరంలో పడే 14 బిట్ల ఆకారంలోకి మారుస్తారు. ఈ పద్ధతిని రూపొందించింది ఫిలిప్స్‌లో పనిచేసిన డచ్ ఇంజనీరు కీస్ ఇమ్మింక్. అతుకు కోసం మరో 3 బిట్లు కలిపితే బైటుకు 17. 33 బైట్లకు 561. ఫ్రేము మొదలును గుర్తు పట్టే ముద్ర ఒకటి 27 బిట్లు. మొత్తం 588. ఇందులో సబ్‌కోడ్ వంతు 17 బిట్లు, నూటికి మూడు కూడా లేదు.

ఆ ఒక్క బైటుతో ఒక ఫ్రేములో చెప్పగలిగేది ఏమీ లేదు. అందుకే 98 ఫ్రేముల సబ్‌కోడ్ బైట్లను కూడబెడతారు. 98 ఫ్రేములంటే సరిగ్గా సెకనులో 75వ వంతు. మొదటి రెండు బైట్లు ‘ఇక్కడ కొత్త వరస మొదలైంది’ అని చెప్పే గుర్తులు. మిగిలినవి 96. వీటిని ఒకదాని కింద ఒకటి పేర్చి నిలువుగా చదివితే ఎనిమిది నిలువు వరసలు వస్తాయి, ఒక్కో దానిలో 96 బిట్లు. వాటికి పి, క్యూ, ఆర్, ఎస్, టి, యు, వి, డబ్ల్యూ అని ఇంగ్లీషు అక్షరాల పేర్లు పెట్టారు.

పి వరస చాలా మొరటుది. పాట మొదలు కాబోయే చోట జెండా ఎత్తుతుంది, మిగతా చోట దించుతుంది. చవకరకం ప్లేయర్లు పాట మొదలును వెతుక్కోవడానికి పనికొస్తుందని పెట్టారు. క్యూ ఉండగా దాని అవసరం పెద్దగా పడలేదు.

క్యూ వరసే అసలైన గుమాస్తా. దాని 96 బిట్లలో మొదటి నాలుగూ ఇది పాటా డేటానా, కాపీ చేసుకోవచ్చా లేదా, తారస్వరాలను పెంచి రికార్డు చేశారా లాంటి విషయాలు చెబుతాయి. తర్వాతి నాలుగు బిట్లు ఈ వరస ఏ రకం సమాచారం మోస్తోందో చెబుతాయి. 72 బిట్లు అసలు సమాచారం. చివరి 16 బిట్లు సరిచూసుకోవడానికి. ఎక్కువ భాగం ఆ 72 బిట్లలో ఉండేది పాట నంబరు, పాటలో ఎంత సేపయింది, డిస్కులో ఎంత సేపయింది అన్నవే. వెనక్కి నడిచిన ఆ అంకెలు ఇక్కడివే.

అదే చోట అప్పుడప్పుడు, వంద వరసల్లో కనీసం ఒకసారి, మరో రెండు రకాల సంగతులు రాయొచ్చు. ఒకటి, డిస్కుకు 13 అంకెల కేటలాగ్ నంబరు, అట్ట మీది బార్‌కోడే. రెండోది ప్రతి పాటకూ విడిగా ఉండే 12 అక్షరాల రికార్డింగ్ నంబరు, ఐఎస్ఆర్‌సీ. మన దేశపు రికార్డింగులకు ఇది ఐ, ఎన్ అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. ఐఎస్ఆర్‌సీని ఇరికించిన తీరు చూస్తే ఆనాటి పొదుపు తెలుస్తుంది. మొదటి ఐదింట్లో అక్షరాలు రావచ్చు గనక వాటికి ఆరేసి బిట్లు, మిగతా ఏడూ అంకెలే గనక నాలుగేసి బిట్లు. బిట్టు బిట్టునూ గీసి గీసి ఖర్చు పెట్టారు.

మరి ఆర్ నుంచి డబ్ల్యూ దాకా ఉన్న ఆరు వరసలు? వాటికి మొదట్లో పనే పెట్టలేదు. ఒకచోట బిట్టు బిట్టుకూ లెక్క చూసుకున్నవాళ్లు, పక్కనే ముప్పాతిక వంతు చోటును ఎప్పటికైనా పనికొస్తుందని ఖాళీగా వదిలారు. లెక్క వేద్దాం. ఆరు వరసలు, వరసకు 96 బిట్లు: 576 బిట్లు, అంటే 72 బైట్లు. సెకనుకు 75 సార్లు కాబట్టి 5,400 బైట్లు. 74 నిమిషాల డిస్కు మొత్తంలో దాదాపు 24 మెగాబైట్లు. 1983లో ఐబీఎం అమ్మిన పీసీ ఎక్స్‌టీ కంప్యూటర్‌లో హార్డ్ డిస్కు 10 మెగాబైట్లు. సీడీ తన సంచిలో అడుగున వదిలేసిన చిల్లర దానికి రెండింతలకు పైమాట.

అక్షరం రాని బొమ్మలు

ఆ చిల్లరను మొదట వాడుకున్నది బొమ్మలు. పద్ధతి పేరు సీడీ ప్లస్ జి. జి అంటే గ్రాఫిక్స్. 1985లో అమెరికన్ హాస్య బృందం ఫైర్‌సైన్ థియేటర్ విడుదల చేసిన ‘ఈట్ ఆర్ బి ఈటెన్’ను ఇలాంటి మొదటి డిస్కుగా చెబుతారు. ప్లేయర్‌ను టీవీకి కలిపితే తెర మీద బొమ్మలు వస్తాయి. మామూలు ప్లేయర్లో పెడితే మామూలు సీడీలాగే పాడుతుంది. ఆ ఆరు వరసలనూ అది పట్టించుకోదు.

దీని లోపలి అమరిక నాకు చాలా ఇష్టం. ఉన్న కొద్దిపాటి చోటులో ఎంత చక్కగా సర్దారో చూడండి. 96 బైట్ల వరసను నాలుగు భాగాలు చేస్తే ఒక్కొక్కటి 24. ఒక్కో దాన్ని ప్యాక్ అంటారు. పి, క్యూ పోగా ప్రతి బైటులో మిగిలింది ఆరు బిట్లే గనక ఒక ప్యాక్ అంటే ఆరేసి బిట్ల ముక్కలు 24. సెకనుకు ఇలాంటి ప్యాకులు 300. మొదటి ముక్క ‘ఇది టీవీ బొమ్మ’ అని చెబుతుంది, రెండోది ఏం చేయాలో చెబుతుంది, 16 ముక్కలు సమాచారం, మిగిలిన ఆరు తప్పులు దిద్దడానికి.

తెర వెడల్పు 300 పిక్సెళ్లు, ఎత్తు 216. దీన్ని గడులుగా కోశారు. ఒక్కో గడి వెడల్పు 6 పిక్సెళ్లు, ఎత్తు 12. ఆరే ఎందుకు? ముక్కకు ఆరు బిట్లు గనక. ఒక్కో ముక్క గడిలో ఒక అడ్డగీత. బిట్టు 0 అయితే మొదటి రంగు, 1 అయితే రెండో రంగు. 12 గీతలకు 12 ముక్కలు. ఇంకా నాలుగు ముక్కలు మిగిలాయి: మొదటి రంగు ఏది, రెండో రంగు ఏది, గడి ఏ వరసలో ఉంది, ఏ నిలువులో ఉంది. పన్నెండూ నాలుగూ పదహారు. ఒక ప్యాక్, ఒక గడి. ఒక్క బిట్టు కూడా వృథా పోలేదని అనను గాని, సర్దినవాడికి దండం పెట్టాల్సిందే.

రంగుల లెక్క కూడా ఇంత సరిగ్గానే కుదిరింది. 4,096 రంగుల్లోంచి ఏవైనా 16 ఎంచుకోవచ్చు. ఒక్కో రంగుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు నాలుగేసి బిట్ల చొప్పున 12 బిట్లు. ప్యాక్‌లో 96 బిట్ల సమాచారం పడుతుంది, అంటే ఎనిమిది రంగులు. అందుకే రంగులు నింపే ఆజ్ఞలు రెండున్నాయి, మొదటి ఎనిమిదికి ఒకటి, రెండో ఎనిమిదికి ఒకటి. తెరంతా ఒకే రంగు పూయడానికి, చుట్టూ అంచు వేయడానికి, బొమ్మను పక్కకో పైకో జరపడానికి వేరే ఆజ్ఞలు. మొత్తం కలిపి పది కూడా లేవు.

వేగం మాత్రం తక్కువ. తెర మీద అడ్డంగా 50, నిలువుగా 18, వెరసి 900 గడులు. సెకనుకు 300 ప్యాకులే. రెండు రంగుల బొమ్మ వేయడానికే మూడు సెకన్లు పడుతుంది. ఒకే గడిలో నాలుగైదు రంగులు కావాలంటే గడి మీద గడి వేసుకుంటూ పోవాలి. పదహారు రంగుల నిండు బొమ్మకు ఒక్కోసారి నాలుగు పూతలు, అంటే 12 సెకన్లు. తెర మీద బొమ్మ గడి గడిగా పరుచుకుంటూ రావడం చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సినిమా చూపించాలనుకున్నవాళ్లకు ఇది చాలదు. టాకింగ్ హెడ్స్ బృందం 1988లో తెచ్చిన ‘నేకెడ్’ లాంటి ఆల్బమ్‌లలో బొమ్మలూ పాటల సాహిత్యమూ పెట్టారు గాని జనంలోకి పెద్దగా పోలేదు. చూపించే ప్లేయర్లు తక్కువ గనక కంపెనీలు డిస్కులు తేలేదు, డిస్కులు తక్కువ గనక జనం ప్లేయర్లు కొనలేదు. తర్వాత సెగా సాటర్న్, అమిగా సీడీ32 లాంటి ఆటల యంత్రాలకు ఈ బొమ్మలు చదవడం వచ్చినా, వాటిని కొన్నది ఆటల కోసం.

పాట పాడించేవాళ్లకు మాత్రం ఇది సరిగ్గా సరిపోయింది. కరోకెకు కావలసింది సినిమా కాదు. నాలుగు వరసల అక్షరాలు, పాడుతున్నప్పుడు వాటి రంగు మారడం, అంతే. రెండు గడుల ఎత్తున అక్షరాలు, వరసకు 40 గడులు అనుకుంటే నాలుగు వరసలకు 320 ప్యాకులు. సెకను పైన చిల్లర. పల్లవి పాడుతుండగా చరణం తెర మీదకు రావడానికి బోలెడు వ్యవధి. పైగా డిస్కూ యంత్రమూ ఒకే కొట్లో, ఒకే పని కోసం కొంటారు గనక ముందు ఏది రావాలన్న తగువే రాలేదు.

అక్షరం రంగు ఎలా మారుతుందన్నది దగ్గరగా చూడదగ్గ చిట్కా. గడిని మళ్లీ గీయనక్కర్లేకుండా, ఉన్న రంగు నంబరును తిప్పే ఆజ్ఞ ఒకటుంది. తెర వెనక రంగు 0 అనుకుందాం, అక్షరాలు 1. పాడుతున్న చోట గడిలోని పిక్సెళ్లన్నిటికీ ‘2 అనే బిట్టును తిప్పు’ అని చెబితే 0 కాస్తా 2 అవుతుంది, 1 కాస్తా 3 అవుతుంది. రంగుల పట్టికలో 2కు కూడా 0 రంగే ముందుగా ఇచ్చి ఉంచితే వెనక రంగు మారినట్టు కనబడదు. అక్షరం మాత్రం 3వ రంగుకు తిరుగుతుంది. గడిలో ఏ అక్షరం ఉందో తెలియాల్సిన పనే లేదు. ఎడమ నుంచి కుడికి దీర్ఘచతురస్రం జరుపుకుంటూ పోతే చాలు, రాగానికి తగ్గట్టు అక్షరాల మీదుగా రంగు పాకుతుంది.

ఏ అక్షరం ఉందో తెలియాల్సిన పని లేదన్నాను. ఈ పద్ధతికి మొదటినుంచీ తెలియదు కూడా. సీడీ ప్లస్ జికి అ, ఆలు రావు, ఏబీసీడీలూ రావు. దానికి వచ్చింది గడులు నింపడమే. కనుక ‘లక్ష్మీ’ అని రాయాలంటే క కింద ష, దాని కింద మ వత్తు, పైన గుడిదీర్ఘం అన్నీ కలిపి ఎత్తుకు మూడు గడులు తీసుకోండి, వెడల్పుకు నాలుగు తీసుకోండి, అది అడగదు. ఇంగ్లీషు అక్షరానికి ఎంత మర్యాదో తెలుగు అక్షరానికీ అంతే. ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు, ఏ పట్టికలోనూ పేరు ఉండక్కర్లేదు. బొమ్మ గీయగలిగినవాడు ఏ లిపైనా రాయగలడు.

పట్టికలో తెలుగు

అక్షరాలు తెలిసిన పద్ధతి 1996లో వచ్చింది. దాని పేరు సీడీ టెక్స్ట్. తెచ్చింది మళ్లీ సోనీ, ఫిలిప్స్‌లే. ఇది బొమ్మలు గీయదు. పాట పేరు, గాయకుడి పేరు, రచయిత, స్వరకర్త లాంటివి కారు స్టీరియో కిటికీలో ఒక వరసలో చూపిస్తుంది.

ఈ సమాచారం ఉండేది ప్రధానంగా పాటలు మొదలయ్యే ముందరి చోట, లీడ్-ఇన్ అనే లోపలి పట్టీలో. డిస్కు మధ్య నుంచి 23 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 25 దగ్గర ముగుస్తుంది. డిస్కు పెట్టగానే ప్లేయర్ ముందు చదివేది దాన్నే. ఎన్ని పాటలున్నాయి, ఏది ఎక్కడ మొదలవుతుంది అన్న విషయసూచిక అక్కడ క్యూ వరసలో రాసి ఉంటుంది. ఒక్కో పద్దు మూడేసి సార్లు, పొరపాటు పడకుండా. అక్కడే ఖాళీగా ఉన్న ఆర్ నుంచి డబ్ల్యూ వరసల్లో పేర్లను నింపారు.

బైటు ఎనిమిది బిట్లు, ఇక్కడ దొరికేవి ఆరేసి బిట్ల ముక్కలు. మూడు బైట్లను నాలుగు ముక్కలుగా కోస్తే సరిపోతుంది. 24 ముక్కల ప్యాక్‌లో 18 బైట్లు పడతాయి. అందులో ముందు నాలుగు బైట్లు చిరునామా: ఇది పేరా, గాయకుడా, రచయితా, ఏ పాటది, ఇది ఎన్నో ప్యాక్, అక్షరం ఎక్కడ మొదలైంది. చివరి రెండు సరిచూసుకోవడానికి. మధ్యలో 12 బైట్లు మాటలకు.

‘మాయాబజార్’ పాటల సీడీ ఒకటి ఇలా తయారు చేస్తున్నామనుకుందాం. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే పేరు తొమ్మిది అక్షరాలు. పేరు ముగిసిందని చెప్పే సున్నా ఒకటి. పది బైట్లయ్యాయి. మిగిలిన రెండు బైట్లను వదిలేయరు, మొదటి పాట పేరులోని రెండక్షరాలు అక్కడే మొదలైపోతాయి, మిగతావి తర్వాతి ప్యాక్‌లో. పేర్లన్నీ ఇలా ఒకదాని తోక పట్టుకుని ఒకటి పోతాయి. గాయకుల దగ్గర ఇంకో పొదుపు ఉంది. అన్నీ ఘంటసాల పాడినవే అయితే ప్రతిసారీ పేరు రాయనక్కర్లేదు, ట్యాబ్ గుర్తు ఒకటి వేస్తే ‘పైవారే’ అని అర్థం.

ఒక డిస్కులో ఎనిమిది భాషల దాకా పెట్టొచ్చు, భాషకు 256 ప్యాకులు. అంటే భాషకు గరిష్ఠంగా 3,072 బైట్లు. ఏ భాషో చెప్పడానికి నంబరు వేయాలి. ఆ నంబర్ల పట్టికను యూరప్ ప్రసార సంస్థల సమాఖ్య పట్టిక నుంచి తీసుకున్నారు. అందులో హిందీ, బెంగాలీ, తమిళం, కన్నడం, మరాఠీ ఉన్నాయి. తెలుగూ ఉంది.

భాషతో పాటు అక్షరాల పట్టిక కూడా చెప్పాలి. ఏ సంఖ్యకు ఏ అక్షరం అన్నది అదే కదా తేల్చేది. అక్కడికొచ్చేసరికి ఉన్నవి మూడే: మామూలు ఇంగ్లీషు, పశ్చిమ యూరప్ భాషల అక్షరాలు, జపాన్ అక్షరాలు. కొరియన్, చైనీస్‌కు నంబర్లు కేటాయించి పెట్టారు. ఇక అంతే. ఇది తెలుగు అని డిస్కు మీద రాయొచ్చు, తెలుగులో మాత్రం రాయలేం.

చోటు లేకనా అంటే కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లోనే ఇస్కీ అనే పట్టికను ప్రకటించింది. మన లిపుల్లో అక్షరానికో, గుణింతపు గుర్తుకో ఒక్క బైటు చొప్పున అందులో సంఖ్యలున్నాయి. ‘మాయాబజార్’ను అలా రాసి చూడండి: మ, దీర్ఘం, య, దీర్ఘం, బ, జ, దీర్ఘం, ర, పొల్లు. తొమ్మిది బైట్లు. ఇంగ్లీషులో అయినన్నే. ముగింపు సున్నాతో పది, తర్వాతి పేరుకు అవే రెండు బైట్లు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది గాని ఇప్పుడు మనం వాడుతున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఇదే పేరు 27 బైట్లు, మూడు ప్యాకులు. అయినా 3,072లో అదెంత. సాంకేతికంగా అడ్డేమీ లేదు. ఆ బల్ల చుట్టూ కూర్చున్న కంపెనీలు తాము ప్లేయర్లు అమ్మే దేశాల అక్షరాలు చూసుకున్నాయి. వాటి తరఫున చూస్తే తప్పు పట్టలేం. మన తరఫున అడిగినవాళ్లు లేరు.

చిత్రం ఏమిటంటే, అక్షరజ్ఞానం లేని పద్ధతిలో తెలుగు నిక్షేపంగా రాయొచ్చు, అక్షరాలు నేర్చిన పద్ధతిలో కుదరదు. కంప్యూటర్లలో మన లిపులు చాలాకాలం బొమ్మల రూపంలోనే బతికాయన్న సంగతి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు.

మన దగ్గర చాలామందికి ఇంకో అనుమానం వస్తుంది. కంప్యూటర్లో సీడీ పెడితే పాటల పేర్లు వచ్చేవి కదా, అవి ఇవేనా? ఎక్కువసార్లు కావు. విండోస్‌లో ఆడియో సీడీ తెరిస్తే ట్రాక్01, ట్రాక్02 అని సీడీఏ ఫైళ్లు కనబడతాయి. ఒక్కోటి 44 బైట్లు. అవి డిస్కు మీద లేనే లేవు; విషయసూచికను చూసి విండోస్ అప్పటికప్పుడు అల్లి చూపించేవి. వాటిని కాపీ చేసుకుని పాట వచ్చేసిందని సంబరపడి, ఇంటికెళ్లి చూసుకున్నవాళ్లు కోకొల్లలు. ఇక పేర్లు వచ్చేది ఇంటర్నెట్ నుంచి. పాటలు ఏయే సెకన్ల దగ్గర మొదలవుతున్నాయో చూసి, ఆ అంకెలన్నిటినీ కలిపి ఒక నంబరు చేస్తారు. రెండు ఆల్బమ్‌లకు ఆ నంబరు కలవడం అరుదు. 1990లలో మొదలైన సీడీడీబీ అనే భాండాగారంలో ఆ నంబరు వెతికితే పేర్లు దొరుకుతాయి, అదీ అంతకుముందు ఎవరో ఒకరు ఓపిగ్గా టైపు చేసి పంపి ఉంటేనే. ఒకే పాటకు నాలుగు రకాల స్పెల్లింగులు కనబడేది అందుకే. బజారులో దొరికిన ఎంపీ3 సీడీల సంగతి వేరు. అవి కంప్యూటర్ డిస్కులు, పేర్లు ఫైళ్లలోనే ఉంటాయి.

గీత పడితే

పాటకు ఉన్న రక్ష ఈ ఆరు బిట్లకు లేదు. ఫ్రేములోని 24 బైట్లను, దిద్దే 8 బైట్లను కలిపి వందకు పైగా ఫ్రేముల్లోకి వెదజల్లుతారు. అందుకే రెండు మిల్లీమీటర్లకు పైగా వరసగా చెరిగిపోయినా పాట పూర్తిగా తిరిగొస్తుంది. 33వ బైటు ఈ ఏర్పాటులో లేదు, అది బయటే ఉండిపోయింది. క్యూ వరసకు తప్పు పట్టడం వచ్చుగాని దిద్దడం రాదు. తప్పని తేలితే ఆ వరసను వదిలేసి, 75వ వంతు సెకనులో వచ్చే తర్వాతి వరస కోసం చూస్తుంది. బొమ్మల ప్యాకులకు తమవైన దిద్దుబాటు ముక్కలున్నాయి, ఒక్కో ప్యాక్‌ను ఎనిమిది ప్యాకుల్లోకి వెదజల్లుతారు కూడా. అయినా పాటతో పోలిస్తే అది పలచని రక్షే.

అందుకే బాగా వాడిన కరోకె డిస్కులో పాట నిక్షేపంగా వినబడుతుంటే తెర మీద అక్షరాల్లో చిల్లులు కనబడతాయి. ఒక గడి ప్యాక్ పోయిందంటే ఆ గడి అలాగే ఉండిపోతుంది, తెర తుడిచేదాకా. తెర తుడిచే ఆజ్ఞే పోతే పాత చరణం మీద కొత్త చరణం పడుతుంది. అందుకని ఆ ఆజ్ఞను పదహారు సార్ల దాకా వరసగా పంపే వీలు పెట్టారు. పాట మధ్యకు దూకినా ఇదే తంటా. రంగులు నింపే ప్యాకులు మొదట్లో ఎప్పుడో వెళ్లిపోయాయి, అక్కడి నుంచి గీసినవే తెర మీదకు వస్తాయి, అదీ పాత పాట రంగుల్లో.

కాపీ చేసేటప్పుడు ఈ వరసలకు ఇంకా పెద్ద గండం. పాటను కంప్యూటర్లోకి లాగే మామూలు సాఫ్ట్‌వేర్ డ్రైవును ధ్వని మాత్రమే అడుగుతుంది. డ్రైవు అది మాత్రమే ఇస్తుంది. సబ్‌కోడ్ అక్కడే రాలిపోతుంది. ఆ ఆరు వరసలను ముడిగా అందించే డ్రైవు, అడగడం తెలిసిన సాఫ్ట్‌వేర్ రెండూ ఉంటేనే బొమ్మలు బయటికొస్తాయి. అలా తీసినవాటిని సీడీజీ అనే వేరే ఫైలుగా, అదే పేరున్న ఎంపీ3 పక్కన పెట్టుకుంటారు. సెకనుకు 7,200 బైట్లు, నాలుగు నిమిషాల పాటకు 17 లక్షల 28 వేలు. డిస్కులు మూలన పడ్డా కరోకె పాడించేవాళ్ల కంప్యూటర్లలో ఈ జంట ఫైళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 1985 నాటి గడులు, 16 రంగులు, అన్నీ అలాగే.

ఈ వరసలన్నిటినీ పక్కనపెట్టి డిస్కులో మాటలు దాచినవాళ్లూ ఉన్నారు. అమెరికన్ బృందం ఇన్ఫర్మేషన్ సొసైటీ 1988లో తెచ్చిన ఆల్బమ్‌కు సీడీ ప్లస్ జి బొమ్మలు పెట్టింది. 1992లో వచ్చిన ‘పీస్ అండ్ లవ్, ఇన్‌కార్పొరేటెడ్’ దగ్గరికొచ్చేసరికి వేరే దారి పట్టింది. అందులో ఒక ట్రాక్ నిండా పాట లేదు, పాత టెలిఫోన్ మోడెమ్ చేసే కీచుమనే చప్పుడు ఉంది. ట్రాక్ పేరులోనే మోడెమ్‌ను ఎలా అమర్చుకోవాలో రాశారు: సెకనుకు 300 బిట్లు. స్పీకరు ముందు మోడెమ్ పెట్టి వింటే కంప్యూటర్ తెర మీద అక్షరాలు పడతాయి. సెకనుకు ముప్పై. ఆరు బిట్ల వరసలు అదే సెకనులో 5,400 బైట్లు మోస్తాయి, వాటితో పోలిస్తే ఇది నత్తనడక. కాని ఇది ధ్వనే గనక ఏ ప్లేయర్‌లోనైనా పలుకుతుంది, గీత పడినా పాటకున్న రక్షంతా దీనికీ ఉంటుంది, మామూలు సాఫ్ట్‌వేర్‌తో లాగినా రాలిపోదు.